విత్తనానికి వదిలిన కాయ

ఎర్రదిబ్బలో విత్తనం కావాలంటే ఒక మాట ఇస్తే చాలు. అంగారకుడి మట్టి కింద తవ్వుకున్న ఆ ఊళ్ళో అరవై మూడు గడపలు, గడపకొక పెరటి పెట్టె, దాని మీద ఒక దీపం. ఊరంతటికీ గాలి కూడా ఒకటే, గొట్టాల్లోంచి ఇంటింటికీ తిరుగుతూ ఉంటుంది. 2097లో భూమి నుంచి ఓడలు ఆగిపోయాయి. అంతకుముందు వచ్చిన కంపెనీ విత్తనాలు ఒక్క పంటతో సరి, వాటి కాయల్లో గింజలు మొలవవు. గింజ నుంచి గింజ పుట్టించే నాటు రకం ఒక్కటే మిగిలింది, ముళ్ళ వంకాయ. అదీ పోతే బతికినన్నాళ్ళూ నాచుపిండే.

ఆ గింజల మీద అధికారి డాక్టర్ వకుళ. మనుషుల్ని ఊరికే నమ్మే రకం కాదావిడ. అందుకే ‘మాటకొలత’ను తయారుచేసింది. విత్తనం ఆర్డరు పెట్టేవాళ్ళు ఆ యంత్రం పలక మీద అరచెయ్యి ఆనించి, "ఒక కాయ విత్తనానికి వదులుతాను" అనాలి. గొంతు వణుకు, చర్మపు తడి, మెదడులో నెత్తుటి పరుగు చూసి, పైకి అన్న మాట లోపలి మాటతో ఎంత కలిసిందో అది శాతాల్లో చెబుతుంది. తొంభై దాటితే సొరుగు తెరుచుకుని చిటికెడు గింజలు రాలతాయి.

ఆ దీపపు వెలుతురులో ఇంటికి రెండు కాయలకు మించి కాయవు. లేతది వండుకోవాలి. రెండోదానికి గుడ్డపీలిక కట్టి, పసుపు రంగు తిరిగి ముదిరేదాకా చెట్టునే వదలాలి. గుడ్డ కట్టిన కాయ మీద చెయ్యి వెయ్యకూడదన్నది తాతల నాటి కట్టుబాటు. దానికి వకుళ యంత్రాన్ని కాపలా పెట్టింది, అంతే.

అరవై రెండు ఇళ్ళవాళ్ళు నెగ్గారు. ఓడిపోయింది గాలిగొట్టాలు తుడిచే సన్యాసమ్మ ఒక్కతే.

"వదుల్తానని సెప్పలేనమ్మా," అంది ఆవిడ పలక మీద చెయ్యి ఉంచి. "నా నోటి మీద నాకే నమ్మకం నేదు. పెట్టికి బోను కట్టుకుంతాను. తాళం సెవి నీ కాడ ఉంచుకో. అలాగైతే ఇయ్యి."

"నలభై ఒకటి," అంది యంత్రం. "సంకల్పం బలహీనం."

వకుళ నవ్వి, ఆవిడను పంపేసింది.

ముదిరిన కాయ గింజలు తిరిగి ఇవ్వాల్సిన గడువు దాటింది. అరవై రెండు ఇళ్ళ నుంచి ఒక్క గింజా తిరిగి రాలేదు. వకుళ ఇంటింటికీ తిరిగింది. మరమ్మతుల గవర్రాజు తల దించుకున్నాడు. "పాపకి జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉందండి. మిగతా ఇళ్ళవాళ్ళూ ఉంచుతారు కదా అనుకున్నాం."

బడి పంతులమ్మ హైమవతి మీద వకుళ గట్టిగానే అరిచింది. "పిల్లలకు చెప్పేదానివి! కంచే చేను మేస్తే ఎలాగమ్మా?"

హైమవతి ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "మీకు తెలియందేముంది డాక్టరుగారూ," అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

వకుళ తిరిగొచ్చి యంత్రం ముందు నిలబడింది. "నీ కొలత తప్పింది."

"తప్పలేదు. అందరూ నిజమే చెప్పారు. ఆ నిమిషాన ఒక్కరికీ తినే ఉద్దేశం లేదు."

"మరి ఎందుకు తిన్నారు?"

"నేను కొలిచింది మాటని. ఆకలిని కొలవమని మీరు చెప్పలేదు."

"సొరుగులో ఎన్ని గింజలున్నాయి?"

"ఏమీ లేవు. గట్టి మాట ఇచ్చినవాళ్ళకు మొత్తం ఇచ్చేయమన్నది మీ నియమం. అందరిలోకీ గట్టి మాట తొంభై తొమ్మిది శాతం. ఒకటో నంబరు ఇంటిది."

ఒకటో నంబరు ఇల్లు వకుళదే.

కాళ్ళు ఆవిడను సన్యాసమ్మ గుమ్మంలోకి తీసుకెళ్ళాయి. పెరటి పెట్టె చుట్టూ ఇనుప తీగల బోను, దానికో తాళం, లోపల ఎండిన మట్టి. సన్యాసమ్మ తీగలు తుడుస్తోంది.

"ఇంకా ఉంచావా దీన్ని?"

"ఎవులైనా ఓ గింజ పెడతారేమోనని."

వకుళ నేల మీద కూలబడింది. "నేనూ తినేశాను సన్యాసమ్మా. అందరూ అంత గట్టి మాటలిచ్చారు కదా, నా ఒక్క కాయకి ఏమైపోతుందిలే అనుకున్నాను."

"తెలుసమ్మా." సన్యాసమ్మ గొంతులో కోపం లేదు. "గొట్టాలు తుడిసేదాన్ని, నాకు తెలీదేటి? మొదటి కాయ అందరూ వండుకున్నదే. రెండోపాలి వంకాయ కాల్సిన వాసన ముందుగా మీ ఇంటి గొట్టంలోంచే వొచ్చినాది. ఊరంతా పీల్చినారు. డాక్టరమ్మే గుడ్డ ఇప్పేసిందంటే గింజలెక్కడో దాసే ఉంటాదిలే అనుకున్నారు. మరునాటి నుంచి ఏ గొట్టం తెరిసినా అదే వాసన."

వకుళ తల పైకెత్తింది. "అప్పుడే అందరికీ ఎందుకు చెప్పలేదు? ఆపేదానివి కదా!"

"నాది బలహీనమన్నాది కదా నీ పెట్టి. ఎవులింతారమ్మా?"

సన్యాసమ్మ గుడ్డ పక్కన పెట్టింది. బోను తలుపు మూసి తాళం వేసి, చెవి తెచ్చి వకుళ చేతిలో పెట్టింది.

"నీ కాడే ఉండాలన్నాను," అంది.