గ్బెమిసోలా పేరులో మొదటి అక్షరం

"బెమిసోలా," అన్నాడతను.

"అలాంటివాళ్ళెవరూ ఈ క్లాసులో లేరు," అంది గ్బెమిసోలా తల తిప్పకుండానే.

నైజీరియాలో ఇబాదాన్ యూనివర్సిటీ, భాషల క్లాసు. యోరుబా, హౌసా హల్లులు పక్కపక్కన పెట్టి పోల్చి చెప్పమని మేడమ్ ఇద్దరినీ జత చేసింది. యోరుబా పిల్ల గ్బెమి, ఉత్తరాన కానో ఊరి నుంచి వచ్చిన హౌసా కుర్రాడు త్సాల్హా.

"గ ఉంది, బ ఉంది. మళ్ళీ ఈ గ్బ ఎందుకు మీకు?"

"రెండూ ఒక్కసారే పేలాలి. పెదాలూ మూయాలి, గొంతూ మూయాలి. ఏదీ, చెప్పు సాలా."

"త్సాల్హా. గొంతు బిగించి వదలాలి, సీసా మూత ఎగిరినట్టు."

"స."

"మూత ఎగరలేదు. గ్యాస్ పోయింది."

గ్బెమికి కోపం రావాలి. నవ్వొచ్చింది. అదే ఆమెకు నచ్చలేదు.

సాయంత్రాల సాధన గ్బెమి వాళ్ళమ్మ అకరా వడల బండి దగ్గర. కూతురు కనపడకపోతే బస్సు బోల్తా పడిందనో, గోడ కూలిందనో ఆవిడకు దడ. బొబ్బర్ల పిండి నూనెలోకి జారవిడుస్తూ ఓ కన్ను మూకుడు మీద, ఓ కన్ను వాళ్ళ మీద వేసి ఉంచేది.

"మాకు ఇంకో డ ఉంది పిన్నీ. బయటికి వదలం, లోపలికి లాగుతాం," అన్నాడు త్సాల్హా.

"గొంతుకి అడ్డం పడదూ? నీళ్ళు తాగి చెప్పు నాయనా."

"డ అడ్డం పడి మా ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ పోలేదు. ఇంకో నాలుగు అకరా వెయ్యి పిన్నీ."

"ముందు నా కూతురి పేరు పలుకు. పేరే పలకలేనివాడు రేపు పిల్లని..." అని ఆవిడ చప్పున ఆగిపోయింది. గ్బెమి చెవులు మూకుడుకంటే వేడెక్కాయి.

క్లాసులో ఇద్దరూ బాగా చెప్పారు. "మాకు లేనివి వీళ్ళకున్నాయి, వీళ్ళకు లేనివి మాకున్నాయి," అని ముగించాడు త్సాల్హా. "మ, న, ల ఇద్దరికీ ఉన్నాయి. వాటితో సంసారం లాగించొచ్చు." క్లాసంతా గొల్లుమంది. గ్బెమి నల్లబల్లను తుడిచిందే తుడిచింది.

ఆ మర్నాటి నుంచి అతను మారిపోయాడు.

బండి దాకా వచ్చేవాడు. అమ్మ తలెత్తగానే టోపీ ముఖం మీదికి లాక్కుని సందులోకి తిరిగిపోయేవాడు. ఆవిడ "నాయనా" అని కేకేస్తే పరుగు.

"పిండిలో ఉప్పెక్కువైందేమోనే," అంది అమ్మ. కాసేపటికి, "కానోలో పెళ్ళి కుదిరుంటుంది. చెప్పలేక తప్పుకుంటున్నాడు. పని అయిపోయింది, మనమూ అయిపోయాం."

గ్బెమి నవ్వబోయింది కానీ గొంతు బిగుసుకుంది. ఆ బిగువులో త్స తేలిగ్గా పలుకుతుందని అప్పుడే తెలిసింది. ఏం లాభం, పిలవడానికి మనిషి లేడే.

మర్నాడు వాన. లైబ్రరీ చూరు కింద దొరికాడు.

"మా అమ్మ నీకేం చేసింది? పలకరిస్తే పారిపోతావేం?"

"పలకకూడదు. ముఖం చూడకూడదు. ఆవిడ ముందు తినకూడదు కూడా." అతను చెప్పుల వంక చూస్తూ అన్నాడు. "మా వైపు అత్తగారి ముందు అల్లుడు అలాగే ఉండాలి."

"ఎవరికి అత్తగారు?"

వాన చూరు మీద దబదబలాడింది. త్సాల్హా టోపీ పిండాడు. అది తడవనేలేదు.

"మా బాబాయితో చెప్పేశాను. సరే అన్నాడు. ఇక ఆవిడతో పిన్నీ గిన్నీ అనడం ఎలా కుదురుతుంది?"

"బాబాయికి చెప్పావు. మరి నాకు?"

"నీకు చెబుదామనే రోజూ వస్తున్నా. ఆవిడ నీ పక్కనుంచి కదిలితేగా."

గ్బెమి ఎంత నవ్విందంటే వాన జల్లు నోట్లోకి పోయి పొలమారింది. తేరుకుని, గొంతు బిగించి, "త్సాల్హా," అంది. మూత ఎగిరింది.

"అది సరేననా?"

"సరేనని. కానీ మా ఇంట్లో పారిపోవడం కుదరదు. మా వైపు అల్లుడు అత్తమామల ముందు నేలమీద బోర్లా పడుకుని మొక్కాలి."

ఆదివారం బాబాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మం దాటగానే తెల్ల బట్టలతో సిమెంటు నేల మీద బోర్లా పడ్డాడు, ముఖం నేలకానించి. ఇలా అయితే రెండు ఆచారాలూ దక్కుతాయి. తలెత్తనక్కర్లేదు.

"లే నాయనా, నేల చల్లగా ఉంది. రొంప పడుతుంది," అంది అమ్మ. ఆవిడ ఎదురుగా ఉన్నంతసేపూ అతను లేవడు. లేచేదాకా ఆవిడ కదలదు. "గ్బెమీ, ఊపిరాడుతోందో లేదో చూడవే."

"అమ్మా, నువ్వు అటు తిరుగు."

అమ్మ గోడవైపు తిరిగింది. తిరిగాక కూడా మనసొప్పలేదు. "మీ ఆచారం ఇది చెప్పిందిలే, నాతో మాట్లాడొద్దు. దాని పేరొక్కటి అను. నాకు నిబ్బరంగా ఉంటుంది."

త్సాల్హా పెదాలు నేలకు నొక్కుకుపోయి ఉన్నాయి, గొంతు భయంతో మూసుకుపోయి ఉంది. రెండూ ఒక్కసారే విడిపోయాయి.

"గ్బెమిసోలా."

అమ్మ వెనక్కి తిరగలేదు. గోడకేసి చూస్తూనే అకరా పళ్ళెం వెనక్కి చాపింది.

"నేను చూడటంలేదు, తిను. మెల్లిగా. పొలమారుతుంది."