రాజు ఎత్తని ఖడ్గం

మహానవమి ఉదయాన గండ్రగిరి కోట బురుజులన్నింటి మీదా బంతిపూల తోరణాలు వేలాడుతుండగా, దిగువ లోయలో కుంఫిణీ దండు గుడారాలు కొంగల గుంపులా తెల్లగా పరచుకొని ఉండగా, దళవాయి కింతలి వెంగళనాయుడు తన కత్తిని తీసుకువెళ్లి దుర్గమ్మ పాదాల ముందు పెట్టాడు. ఆయన వెనుక సేనంతా ఈటెలూ, తుపాకులూ, చివరికి వంటశాల కత్తిపీటలతో సహా తెచ్చి అక్కడ పేర్చింది. పూజ ముగిసి రాజు తన ఖడ్గాన్ని స్వయంగా ఎత్తేదాకా గండ్రగిరిలో ఎవరూ ఆయుధం తాకరాదు. అది తాతలనాటి కట్టడి.

శత్రువు గుమ్మంలో ఉండగా ఇదేం పిచ్చి అని మీరు అనవచ్చు. నాయుడూ అన్నాడు.

"ఈ ఏటికి ఆయుధపూజ ఆపుదాం, ప్రభూ" అని ముందురోజే రాజా మకరధ్వజ దేవుకు మనవి చేశాడు. పక్కనే ఉన్న దివాను సోమనమంత్రి చిరునవ్వు నవ్వి, "పండుగ దాటేదాకా తుపాకి పేల్చనని కుంఫిణీ దొర మాట ఇచ్చాడు, నాయుడుగారూ. అమ్మవారి పూజ ఆపితే రాజ్యానికే అరిష్టం" అన్నాడు. దివానుది పైకి ఒకటి, లోపల ఒకటి అని కోటంతా ఎరిగినదే. నాయుడు నమ్మలేదు. కాని రాజు, "దొర మాటకు మేము పూచీ. మా మాట మీద కూడా నమ్మకం లేదా?" అని అడిగాడు. ఆ రాజును పసితనంలో భుజాన ఎక్కించుకొని తిప్పిన మనిషి, లేదని ఎలా అనగలడు?

హారతి వేళకు కోట తలుపులు తెరుచుకున్నాయి. ఎర్రకోటు సిపాయిలు బారులు తీరి లోపలికి రాసాగారు. నాయుడు రాజు ముందు మోకరిల్లాడు.

"ప్రభూ, దివాను ద్రోహం చేశాడు. ఖడ్గం ఎత్తండి. తమరు ఎత్తిన మరుక్షణం ఈ జనమంతా లేస్తారు. మేము చచ్చినా సరే, తమరిని అడవి దారిన దాటిస్తాం. ఎత్తండి, చాలు."

రాజు ఖడ్గం వంక చూడలేదు. "తలుపులు తీయించింది దివాను కాదు నాయుడూ, మేమే. మాకు భరణం, మా కుమారుడికి గద్దె ఉంచుతామన్నారు. యుద్ధం చేస్తే ఏం మిగులుతుంది?"

"నాతో ఎందుకు చెప్పలేదు, ప్రభూ?"

"చెబితే నువ్వు వినేవాడివి కాదు."

అది నిజమే. ఆ నిజానికే నాయుడి గుండె పగిలింది. ఇన్నేళ్లూ దివాను మీద పెట్టిన కన్ను ఒక్కనాడైనా ఇటు తిప్పలేదే అని కుమిలిపోయాడు. వెనుక కొందరు బంట్లు కత్తుల మీదకు చేతులు చాపారు. ఆయన వారించాడు.

"రాజు ఎత్తలేదు. ఎవరూ తాకవద్దు."

ఒట్టి చేతులతో నడిచి వెళ్లి సింహద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. తప్పుకోమన్నారు, తప్పుకోలేదు. కాల్చారు.

కాసేపటికి లోపలికి వచ్చిన దొర, ఆ శవం ఎవరిదని దుబాసీ చేత అడిగించాడు.

"పాతకాలపు బంటు ఎవడో" అన్నాడు రాజు.

ఆ మాటకు దివాను కూడా తల దించుకున్నాడు.