పాలపిట్ట కన్ను

ముదలియార్‌పేట బస్సు రోడ్డు మీద రంగనాథం ఇంటి ముందుగదే పటాల కొట్టు. అందుకని ఆ ఇంట్లో తెల్లవారితే కాఫీ వాసన, జిగురు వాసన కలిసే లేస్తాయి. ఆ రోజూ లేచాయి. కోడలు ఇంకా కాఫీ తేలేదని జయమ్మాళ్ మంచం మీద నుంచి సణుగుతోంది. తుంటి విరిగి ఏడాది పైనైనా ఆవిడ గొంతుకు మాత్రం ఏ దెబ్బా తగల్లేదు.

"ఇదో, తెస్తా ఉండానత్తా" అంటూ కోమల గ్లాసు అందించి, రోజూలాగే ముందుగదిలోకి నడిచింది. పొద్దున్నే అక్కడున్న ఒక పటాన్ని చూడకపోతే ఆమెకు ఏ పనీ తోచదు.

కొట్లో అన్నీ దేవుళ్ళ పటాలే. వాటి నడుమ పక్షులు చేరింది వాళ్ళ కూతురు గిరిజ వల్ల. ఎప్పుడో నూటయాభై ఏళ్ళ కిందట ఫ్రెంచివాళ్ళు ఇక్కడి పక్షులను చూసి గీసిన బొమ్మలకు ఊళ్ళో ఒక అచ్చాఫీసు నల్ల గీతల నకళ్ళు తీసేది. గిరిజ వాటికి రంగులు అద్దేది, తండ్రి అద్దం వేసి చట్రం కట్టేవాడు. బీచి దగ్గర లాడ్జి నడిపే వెంకటాద్రి తన హాలుకు ఆరు కావాలన్నాడు.

దేవుడి పటానికి ఆ ఇంట్లో కన్ను ఆఖరున పెడతారు. తలస్నానం చేసి, దీపం వెలిగించి మరీ పెడతారు. పిట్టలకు మాత్రం ప్రాణం లేదా అని గిరిజ వాటికీ అలాగే పెట్టేది. ఆరో బొమ్మ పాలపిట్ట. నీలం రెక్కలు పూర్తిచేసి, కన్ను రేపు పెడతానని కుంచె కడుక్కుని పడుకుంది. ఆ రాత్రి వచ్చిన జ్వరం మెదడుకెక్కింది. గోరిమేడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిన పంతొమ్మిదేళ్ళ పిల్ల మళ్ళీ ఇంటికి రాలేదు.

ఏడాది కావస్తున్నా కోమల కంట నీరు రాలేదు. గుండె రాయి చేసుకుందని చుట్టాలు మెచ్చుకున్నారు. పాపం, ఆమె లోపల ఉన్నది ఒట్టి పిచ్చి ఆశ. కన్ను పెట్టే పని ఇంకా మిగిలే ఉంది గనుక పిల్ల కూడా ఎక్కడో మిగిలి ఉన్నట్టే ఆమెకు తోచేది. చెబితే నవ్వుతారని మొగుడికి కూడా చెప్పలేదు.

ఆ ఉదయం తలెత్తి చూస్తే పాలపిట్ట ఆమెనే చూస్తోంది.

"ఎవరు పెట్టింది దీనికి కన్ను?"

బల్ల దగ్గరున్న రంగనాథం తల తడి ఇంకా ఆరలేదు. "నేనే" అన్నాడు.

"ఎవరిని అడిగి పెట్టినారు?"

"కన్ను లేని పటం ఎన్నాళ్ళని ఉంచుకునేది కోమలా."

"వెంకటాద్రి తొందరపెట్టినాడా? ఆయనకు ఇచ్చేదానికి నా బిడ్డ పని ముగించేస్తిరా?"

"ఇచ్చేదానికి కాదు. ఇయ్యను కూడా."

"మరేంది? రేపు పెడతానని చెప్పి పడుకునింది అది. అది పెట్టాల్సింది."

"యాడ నుంచి వస్తాది కోమలా?"

"రాదని నాకు తెలీదా? తెలిసినా ఆ చోటు దానిదిగా ఉండె. పొద్దున్నే వచ్చి చూసుకుంటా ఉంటిని. మీకది ఒక చుక్క రంగు. నాకు ఈ పొద్దే పోయినట్టుండాది అది."

రంగనాథం వెంట్రుకంత సందు లేకుండా చట్రం మూలలు కలిపే చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు ఆడ లేవు కోమలా" అన్నాడు. "బిడ్డ కండ్లు తెరవలా. గిరిజా, నేను నాయనను, వచ్చినానమ్మా, ఒక్కతూరి చూడమ్మా అని అడగతానే ఉంటి. పొయ్యేదాకా తెరవలా. ఇంటికొచ్చి కొట్టు తీస్తే ఈడ ఇది. కన్ను లేకుండా. ఏడాదిగా దీని ఎదురుగానే కూచోనుండాను. ఇంక నా వల్ల కాలా."

కోమలకు ఆసుపత్రి రోజులు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో అత్త కొత్తగా మంచాన పడింది. వదిలి వస్తానంటే, రేపు వద్దువులే అని ఈయన రోజూ ఆపాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా పిల్ల బాగానే ఉందని, అమ్మ యాడ అని అడిగిందని చెప్పేవాడు. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్ళూ మొగుడి మీద కోపం దాచుకుంది. బిడ్డ అడిగినా తనను పోనివ్వలేదని కోపం.

"నన్ను అడిగిందని చెప్తిరే."

"అడగలా. ఎవురినీ అడగలా. ఒక్క మాట మాట్లాడలా. నీతో ఎట్లా చెప్పేది."

"అమ్మా కోమలా" అని లోపలి నుంచి జయమ్మాళ్ పిలిచింది. "నన్నిట్లా పడేసి పోయుండాల్సింది నువ్వు. ఆ మాట నేనన్నా చెప్పలా."

కోమల పటం దగ్గరకు వెళ్ళి చూసింది. కంటి నలుపు గీత దాటి రెక్క వైపు కొంచెం చెదిరింది. గిరిజ పెట్టి ఉంటే అలా చెదిరేది కాదు. దీన్ని ఆయన ఏడుస్తూ పెట్టాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"మీరు యాడ కూచోనుంటిరి? తల కాడా, కాళ్ళ కాడా?"

"తల కాడే."

"చెయ్యి పట్టుకోనుంటిరా?"

"విడవలా కోమలా."

ఆమె అక్కడే జిగురు మరకల నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఏడాదిగా రాని ఏడుపంతా ఏడ్చింది. రంగనాథం కొట్టు తలుపు దగ్గరగా వేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇంక అంతా చెప్పండి" అంది కోమల. "మొదటి రోజు నుంచి చెప్పండి. నేను వింటాను."