ఆమె గొంతు ఒక్కటే

"నాయిస్ క్యాన్సిలింగ్ అని అమ్మారు. ఏం క్యాన్సిల్ చేస్తుందండీ ఇది? నా ఉద్యోగాన్నా?"

సిద్దికా హెడ్‌సెట్ డబ్బాను కౌంటర్ మీద ఠపీమని పెట్టింది. మాలిక్ డబ్బా వంక చూశాడు, ఆమె వంక చూశాడు, మళ్లీ డబ్బా వంక చూడటం మర్చిపోయాడు. సత్తెనపల్లి బస్టాండు పక్కన వాళ్ల కంప్యూటర్ షాపుకొచ్చి తిట్టినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఇంత అందంగా ఎవరూ తిట్టలేదు.

"ఏమైందండీ?"

"మా వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. వీధిలో ఆడవాళ్లంతా అక్కడే. ఇది పెట్టుకుంటే నాకు ఒక్క చప్పుడూ వినబడలేదు. హాయిగా మీటింగులో మాట్లాడాను. బెంగళూరులో మా మేనేజర్ మాత్రం మా నానమ్మ ఎవరి కోడల్నో ఆడిపోసుకోవడం మొత్తం విన్నాడు!"

మాలిక్ కౌంటర్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి నవ్వాపుకున్నాడు.

"నవ్వండి, నవ్వండి. సోమవారం క్లయింట్ కాల్. మళ్లీ గోల వినబడితే ఇంటి నుంచి పని కుదరదన్నాడు. బెంగళూరు వెళ్లిపోవాలి. నాకేమో ఇక్కడే ఉండాలనుంది."

మాలిక్ నవ్వు ఆగిపోయింది. ఏనాడూ చూడని బెంగళూరు మీద అతనికి కోపమొచ్చింది.

"నిన్న షాపులో మా నాన్న ఉన్నారండి. చెవికా, మైక్‌కా అని ఆయన అడగాల్సింది. ఇది మీ చెవికి గోల రాకుండా ఆపుతుంది. అవతలివాళ్లకి పోకుండా ఆపాలంటే మైకు మంచిదై ఉండాలి." నోటి దాకా వంగే సన్నటి మైకున్న హెడ్‌సెట్ తీశాడు. "నోటి మూలకి దగ్గరగా, ఊపిరి తగలకుండా పెట్టుకోండి. వైరు లేదు కాబట్టి వాకిట్లో తిరుగుతూ మాట్లాడొచ్చు. మైకు పూర్తిగా పైకెత్తితే మ్యూట్."

"మా నానమ్మకి కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండు."

"నా మాట నమ్మకండి. ఇంటికెళ్లి కాల్ చేయండి, టెస్ట్ చేద్దాం."

నిజానికి ఒక్క టెస్టు చాలు. కానీ గాలి వీచేటప్పుడు ఒకటి, వీధిలో ట్రాక్టర్ పోయేటప్పుడు ఒకటి, ఉత్తినే ఒకటి చేయాలని మాలిక్ పట్టుబట్టాడు. సిద్దికా కాదనలేదు.

"ఇవాళ నా గొంతెలా ఉంది?" అనేది.

"చాలా క్లియర్‌గా ఉందండి" అనేవాడు. క్లియర్‌గా లేనిది అతని బుర్ర ఒక్కటే.

శనివారం చివరి టెస్టు. సిద్దికా హెడ్‌సెట్ పెట్టుకుని, తానూ తొడిమలు తీస్తూ ఆడవాళ్ల మధ్య కూర్చుంది. షాపులో మాలిక్ చెవులు రిక్కించాడు. గోల లేదు. ఆమె గొంతు ఒక్కటే.

అంతలో నానమ్మ జోహరాబీ దగ్గరకు జరిగి ఏదో అడగబోయింది. మ్యూట్ చేద్దామంటే సిద్దికా వేళ్లనిండా కారం. ముఖం దగ్గరకు తెస్తే కళ్లు మండిపోతాయి. అందుకని మోచేత్తో మైకును పైకి నెట్టింది. అది సగంలో ఆగిపోయిందని ఆమెకు తెలియదు.

మాలిక్‌కి వినబడింది ఇంతే:

"మంచివాడే నానమ్మా... ఆఁ, నచ్చాడు... నిఖా అయితే ఇక్కడే ఉంటాగా... మాట్లాడుకోండి, నాకేం!"

అడిగిన ప్రశ్నల్లో ఒక్కటీ వినబడలేదు. అతను ఏరికోరి ఇచ్చిన మైకు అంత బాగా పనిచేసింది.

ఎవరిదో సంబంధం వచ్చింది! మాలిక్ షట్టర్ సగం దించి బండెక్కాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. తీరా మిరపకాయల రాశుల మధ్యకు వచ్చాక నోరు తెరిస్తే తుమ్ములే.

"సిద్దికా గారూ, నేను మిమ్మల్ని... హాచ్!"

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి.

"ఆ సంబంధం ఒప్పుకోకండి. నాకు మీరంటే... హాచ్!"

"ఏ సంబంధం?" సిద్దికా లేచి నిలబడింది. మైకు తడమబోయి, కారం చెయ్యి గుర్తొచ్చి ఆగింది. "అయ్యో, మ్యూట్ కాలేదా?"

"మీ మాటలే వినబడ్డాయి. ఎవరండీ ఆ మంచివాడు?"

సిద్దికా తల దించుకుంది. జోహరాబీ పగలబడి నవ్వింది.

"ఓరి పిచ్చోడా! 'రోజూ ఆ షాపబ్బాయితో ఏం టెస్టులే, నచ్చాడా ఏంది? వాళ్లమ్మతో మాట్లాడమంటావా?' అని నేనే అడిగా. దాని జవాబు నువ్వు విన్నావు. ఇంక నీ జవాబు చెప్పు."

మాలిక్ సంతోషంతో గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. అదే పొరపాటయింది.

"మాట్లాడండి నానమ్మా... హాచ్!"

సోమవారం క్లయింట్ కాల్ నడుస్తున్నంతసేపూ వాకిట్లో పెళ్లి కబుర్లు హోరెత్తాయి. ఒక్క మాటా అవతలికి పోలేదు.

"వెరీ గుడ్, సిద్దికా. ఇక మీరు అక్కడి నుంచే పనిచేయండి" అన్నాడు మేనేజర్. "ఇవాళ మీ ఇంట్లో ఎవరూ లేనట్టున్నారే?"

గుమ్మం ముందు మిఠాయి డబ్బాతో మాలిక్ వాళ్లమ్మ చెప్పులు విడుస్తోంది. ఆమె వెనకాల, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మాలిక్.

"అందరూ ఉన్నారు సార్" అంది సిద్దికా. ఈసారి శుభ్రంగా కడుక్కున్న చేత్తో మైకును పూర్తిగా పైకెత్తింది.