చంద్రకాంతమ్మ మెట్టెలు

ఆ ఉదయం చెంగయ్య చేతికొచ్చిన సరుకు తక్కువ: కనబడకుండా పోయిన ఒక జత వెండి మెట్టెలు, వాటిని దొంగిలించిందన్న నింద మోస్తున్న ఒక పనిమనిషి. చిత్తూరు బెల్లం మండీ వదిలి తిరుపతిలో డిటెక్టివ్‌గా స్థిరపడ్డ ఆయన, ఏ మాటనైనా తూకం వేయనిదే తీసుకోడు.

“సాయంత్రంలోగా ఇయ్యకుంటే పోలీసులకు పట్టిస్తామంటాండారు సార్. ఈదిలో నిలబెట్టి దొంగ అనినారు. ఇంక నాకు ఎవురు పనిస్తారు?” అంది గురవమ్మ.

చెంగయ్య తన సహాయకురాలు స్రవంతితో పాటు గురవమ్మను వెంటబెట్టుకుని, తిరుచానూరులో ఆమె పనిచేసే ఇంటికి వెళ్ళాడు. యజమాని జయచంద్ర గుమ్మంలోనే అందుకున్నాడు.

“శుక్రవారం సూస్తే అమ్మ కాలివేళ్ళు బోడిగా ఉండినాయి. అడిగితే ‘ఏమో’ అనింది. నిద్రలో ఉండంగా ఈ గురవమ్మే లాగేసినాదప్పా!”

“అమ్మ యాడ నిద్రపోతాది?”

“కుర్చీలోనే. పండుకుంటే దగ్గు, ఆయాసం. వయసైపోయింది గదా.”

జయచంద్ర తల్లి చంద్రకాంతమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. చీర అంచు పాదాలను పూర్తిగా కప్పేసింది. నమస్కారం చెప్పడానికే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు దుమ్ముపట్టి ఉన్నాయి. కుర్చీ కింద ఆమె విడిచినవి భర్త పెద్ద చెప్పులు.

“అమ్మ లావైనారా?” కోడలు రేవతిని అడిగాడు చెంగయ్య.

“అదే ఇచిత్రం సార్. రెండు ముద్దలు తినదు, బరువేమో పెరుగుతాండాది.”

“దొంగను పట్టమంటే చెప్పులు, బరువులు సూస్తాడేందబ్బా!” జయచంద్ర వెటకారంగా నవ్వాడు.

చెంగయ్య గురవమ్మతో సహా అందరినీ కుర్చీ చుట్టూ పిలిచాడు. అనుమతి అడిగి, స్రవంతి చీర అంచు జరిపింది. ఉబ్బిన వేళ్ళకు మెట్టెల చోట పసుపు దారాలు కట్టి ఉన్నాయి. చీలమండ పైన వేలితో నొక్కితే పడిన గుంట పూడలేదు.

“దొంగ మెట్టెలు తీసుకుపోతాడు గానీ, పసుపు దారం కట్టి పోడు” అన్నాడు చెంగయ్య.

ముసలమ్మ భోరుమంది. “వేళ్ళు తెగిపోతాయేమో అనిపించె నాయనా. సబ్బు రాసి తీసినాను. ఆయన బతికుండంగా మెట్టెలు తీసినానని యా నోటితో చెప్పేది? దేవుని పటం ఎనకాల దాచినా. గురవా, పాపం మూటగట్టుకుంటినే...”

చెంగయ్య గొంతు పెరిగింది. “మా నాయనకూ ఇట్లే వచ్చింది. గుండె బలం తగ్గితే ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి. కాళ్ళలో చేరితే వాపు, ఊపిరితిత్తుల్లో చేరితే పండుకోలేని ఆయాసం. తినకుండానే పెరిగే బరువు ఆ నీళ్ళదే. డాక్టరు పరీక్ష చేసి తేల్చాల, ఈ పొద్దే తీసుకుపోండి. ఇంత కండ్ల ముందర ఉంటే వయసని తోసేస్తిరి! వెండి కోసం ఇల్లంతా ఎతికినారే, ఆ వెండి ఉండిన కాలును ఒక్కరన్నా సూసినారా?”

జయచంద్ర గురవమ్మకు చేతులు జోడించాడు.

“ఈడ కాదు సార్. ఈదిలో అనినారు, ఈదిలోనే కాదని చెప్పండి” అందామె.

అతను వీధిలోకి వచ్చి అందరూ వినేలా చెప్పాడు. తరువాతే కారు తీశాడు.

డాక్టర్లు గుండె వైఫల్యమనే తేల్చారు. మందులతో, ఉప్పు తగ్గించడంతో వాపు దిగింది; చంద్రకాంతమ్మ మళ్ళీ మంచం మీద పడుకోగలిగింది.

చివరికి తూకంలో తేలింది ఇంతే: ఒక ప్రాణం నిలిచింది, ఒక పేరు తిరిగొచ్చింది. మెట్టెలు మళ్ళీ వేళ్ళకెక్కాయి. గురవమ్మ మాత్రం ఆ గడప ఎక్కలేదు. పక్క వీధిలో పనికి కుదిరింది.