కుళ్ళాయప్ప బావికాడ రెండు సెట్లు

పెనుకొండ నుంచి ధర్మవరం దారిన రెండు మైళ్ళు పోతే, ఎడమపక్క చెనిక్కాయ చేన్ల నడుమ ఒక మోటరు బావి ఉండేది. ఆ నీళ్ళు గొడ్లు కూడా ముట్టవని చెప్పుకునేవాళ్ళు. పొద్దుగూకినాక ఆ పక్క బండి తోలితే ఎద్దులు మొండికేసేవంట. కుళ్ళాయప్ప అనే రైతు అందులో పడి చచ్చినప్పటి నుంచి దానికా చెడ్డపేరు. కాలు జారి పడినాడని అతని అన్న తిమ్మప్ప చెప్పినాడు. తల అట్ల పగిలిందేమంటే, గట్టురాయి తగిలిందన్నాడు. నమ్మినవాళ్ళు నమ్మినారు... నమ్మనివాళ్ళు ఆ దారిన పోవడం మానుకున్నారు.

అరవై నాలుగు ఎండాకాలంలో ఆ బావికాడ జరిగిన సంగతి ఇది. నాకు చెప్పింది ధర్మవరంలో రేడియోలు బాగుచేసే ఓబులేసు. ఆ రాత్రి అతను అక్కడే ఉన్నాడు.

ఓబులేసు మగ్గం వదిలేసి రేడియో పనిలో పడ్డవాడు. బెంగుళూరు పాతసామాన్ల అంగళ్ళలో వాల్వులు ఒక్కొక్కటే ఏరుకొచ్చి, గిటారు మోత పెంచే ఆంప్లిఫయరు సెట్టు ఒకటి సొంతంగా కట్టినాడు. అతని స్నేహితుడు యేసురత్నం హిందూపురంలో పాటలు నేర్పే అయ్యవారు. కరెంటు గిటారు వాయించడంలో ఆ చుట్టుపట్ల అతనికి జోడు లేదు. ఇంగ్లండుకు తిరిగిపోతున్న తెల్లాయన ఒకడి దగ్గర యేసురత్నం ఇంకో సెట్టు కొన్నాడు. దాన్ని ఇద్దరూ ‘దొరసెట్టు’ అనేవాళ్ళు.

బెంగుళూరులో ఒక ఆర్కెస్ట్రా ఆయన యేసురత్నాన్ని పిలిచినాడు. “రెంటిలో ఏది బాగా పలికితే అది పట్టుకొని రా. మీ ఓబులేసుది బాగుంటే మాకూ నాలుగు కట్టియ్యమను” అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఓబులేసుకు నిద్ర లేదు.

పోల్చి చూడాలంటే రెండు సెట్లనూ నిండు గొంతుతో మోగించాలి. వాల్వు సెట్టు అసలు గుణం అప్పుడే బయటపడుతుంది. ఊళ్ళో అంత మోత పెడితే వీధి వీధంతా కొట్టడానికొస్తుంది. పగలేమో చేన్లలో మోటర్లన్నీ తిరిగి కరెంటు నీరసపడిపోతుంది. రాత్రి కావాల, ఊరికి దూరం కావాల, కరెంటు కావాల. మూడూ దొరికే చోటు ఒకటే ఉంది — కుళ్ళాయప్ప బావి మోటరు రూము. ఆ మోటరుకు రిపేరొస్తే చూసేది ఓబులేసే. తాళంచెవి కుళ్ళాయప్ప పెండ్లాం మారక్క దగ్గరుండేది.

“ఆడికా? రాత్రిపూటా?” అనింది మారక్క.

“ఒక్క గంట, అక్కా.”

మారక్క తాళంచెవి తీసి ఇచ్చింది. “మా బావ తిమ్మప్ప ఆ పక్క కళ్ళంలోనే పండుకుంటాడు. ఆయప్ప కంటపడొద్దండి” అనింది గుసగుసగా.

అరువు బండిలో సెట్లు వేసుకొని, ఓబులేసే తోలుకొని, ఇద్దరూ చేరేసరికి తొమ్మిది దాటింది. ఎద్దులు బావికి ఇరవై గజాల దూరంలో నిలబడిపోయినాయి. అదిలించినా కదల్లేదు. ఆ బరువు పెట్టెలు చేతులమీదనే మోసుకుపోయినారు.

రూములోకి పోయి తలుపు మూసి గడియ పెట్టినారు. ఒక్క బల్బు. వెనక కిటికీ కింద — బావి.

ముందు ఓబులేసు సెట్టు పెట్టినారు. వాల్వులు ఎర్రగా కాగినాయి. యేసురత్నం తీగ మీటినాడు. నాదం లావుగా, నిబ్బరంగా వచ్చింది. మీటీ మీటకముందే వచ్చి ఎదురుగా నిలబడింది. ఎంత గట్టిగా మీటినా చెదరలేదు.

“నికార్సైనదప్పా. తప్పు మీటితే తప్పే వినిపిస్తాది. దాపెట్టదు” అన్నాడు యేసురత్నం.

తర్వాత దొరసెట్టు. మెల్లగా మీటితే ఇత్తడి గంట. గట్టిగా మీటితే... గొంతు చించుకుంది. నాదం ఒక్క క్షణం అణిగి, మళ్ళీ ఉబ్బి పైకి లేచేది. వేళ్ళకింద తీగ మెత్తగా సాగినట్టుందని యేసురత్నం మురిసిపోయినాడు. ఒక తీగను పక్కకు లాగి పట్టి అట్లనే నిలబెట్టినాడు. నాదం చావలేదు. పెరిగింది. రేకుల కప్పు గడగడలాడింది. కిటికీలోంచి బావిలోకి దిగి, అడుగు తాకి, తిరిగొచ్చింది — దెబ్బలు తింటున్న మనిషి అరిచినట్టు.

ఓబులేసు చెయ్యెత్తినాడు. “ఆపు” అన్నాడు.

“ఈ ఏడుపు నీ సెట్టుకు రాదు, ఓబులేసూ.”

“ఏడ్చేదానికి కాదబ్బా నేను కట్టింది!”

“కోప్పడొద్దప్పా. నా వేలికి తెలిసేది చెప్తాండా. ఇంకొక తూరి నీది పెట్టు.”

ఓబులేసు దొరసెట్టు ఆపినాడు. కరెంటు తీసినాక కూడా రెండు క్షణాలు మూలిగి, అప్పుడు చచ్చింది. గిటారు వైరు తన సెట్టుకు తగిలించి స్విచ్చి వేసినాడు. వాల్వులు కాగేదాకా కాచుకోవాలి. అర నిమిషం...

బయట ఎద్దులు రంకె వేసినాయి.

ఆ వెంటనే — పరుగు. ఉత్త కాళ్ళతో ఎవరో చేనులో పడి పరుగెత్తి వస్తున్న చప్పుడు. తలుపు మీద దబ్బున దెబ్బ. ఇంకో దెబ్బకు పలక చీలి గొడ్డలి అంచు లోపలికొచ్చింది. మూడో దెబ్బకు గడియ ఊడి కిందపడింది.

గుమ్మంలో తిమ్మప్ప. పంచె ఊడిపోతున్నా లెక్కలేదు. కండ్లు మాత్రం యేసురత్నం మీదనే నిలబడినాయి.

“ఇంకా సావలేదారా నువ్వు?”

“అయ్యా, నేను —”

గొడ్డలి లేచింది. యేసురత్నం గిటారు అడ్డం పెట్టినాడు. దెబ్బకు గిటారు మెడ తెగింది. దాన్ని పట్టుకున్న ఎడమచేతి వేళ్ళు మూడు తెగి నేలమీద పడినాయి. తీగలు తెగిన మోత సెట్టులోంచి పిడుగులా వచ్చింది. యేసురత్నం అరవలేదు. తన చేతిని తనే వింతగా చూసుకుంటూ కూలబడినాడు.

తిమ్మప్ప మళ్ళీ ఎత్తినాడు. ఈసారి తలకు.

ఓబులేసు ఏం చేస్తున్నాడో అతనికే తెలియదు. నెలల తరబడి కట్టుకున్న తన సెట్టును రెండు చేతులా ఎత్తి నడుమ తోసినాడు. గొడ్డలి టేకుపెట్టెను చీల్చుకొని లోపల ఇరుక్కుంది. వాల్వులు పగిలినాయి. దాన్ని పీకడానికి తిమ్మప్ప ఒక చేత్తో గొడ్డలిని ఇనుప కట్టు దగ్గర పట్టుకొని, రెండో చెయ్యి సెట్టు ఇనుప పలక మీద ఆనించినాడు.

సెట్టులోని కరెంటు నీలంగా మెరిసింది. మాంసం కాలిన వాసన. తిమ్మప్ప ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. బల్బు ఆరిపోయింది.

చీకట్లో మొదట వినపడింది యేసురత్నం మూలుగు. తర్వాత తిమ్మప్ప గొంతు — ముద్దముద్దగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు.

“వాటా వాటా అని నా పానం తీస్తివి... గొడ్డలితో మూడేట్లు ఏస్తి కదరా కుళ్ళాయీ. అయినా సావకపోతివి...”

ఓబులేసు పంచె చించి స్నేహితుడి చెయ్యి బిగించి కట్టినాడు. గిటారు వైరుతో తిమ్మప్ప రెండు చేతులూ కట్టేసినాడు. ఇద్దరినీ బండిలో ఎక్కించి, ఎద్దుల తోకలు మెలేసి, పెనుకొండ ఆసుపత్రికి తోలినాడు. అక్కడ నర్సు రూతమ్మ తెల్లారేదాకా యేసురత్నం చెయ్యి పట్టుకొని కూర్చుంది. ప్రాణం నిలిచింది. గిటారు పోయింది.

తిమ్మప్ప పోలీసుల ముందు అంతా ఒప్పుకున్నాడు. యావజ్జీవం పడింది. మారక్కకు నిజం తెలిసింది. ఓబులేసు మళ్ళీ ఎవరికీ సెట్టు కట్టలేదు.

ఇదంతా విని నేనన్నాను: “ఆ దొరసెట్టు మోతే వాడికి తమ్ముడి అరుపులాగా వినపడిందేమో కదన్నా. తప్పు చేసిన మనసు...”

ఓబులేసు చేతిలోని పని పక్కన పెట్టినాడు.

“నేనూ అట్లే అనుకున్యా. స్టేషన్లో వాడు చెప్పింది వేరే. ‘గిటారు నాకు మొదటి నుంచీ వినపడతానే ఉండె సార్. ఎవురో వాయించుకుంటాండార్లే అని పండుకున్యా. అది నిలిచిపోయినాక బావిలోనుంచి పిలిచినాడు. అన్నా, తాడెయ్యి... అన్యాడు’ అని.”

“బెదురు మాటలన్నా అవి.”

 ఓబులేసు చాలా మెల్లగా అన్నాడు —

“ఆ మాట నేనూ ఇన్యానప్పా. యేసురత్నం ఏదో అన్యాడులే అనుకున్యా. ఆసుపత్రిలో తెలివొచ్చినాక వాడు నన్ను అడిగిన మొదటి మాట ఏంది తెల్సునా... ‘తాడెందుకడిగినావప్పా నువ్వు?’ అని.”