టార్పాలిన్ కింద దిండ్లు

రాత్రంతా కొట్టి కొట్టి, తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. వాన ఆగితే అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఇంట్లో తల్లికి మాత్రం అప్పుడే గుండెదడ మొదలవుతుంది. వాన ఆగిందంటే కొండ మీంచి మట్టీ రాళ్ళూ వీధిలోకి జారి ఉంటాయి. మట్టి జారిందంటే కూతురు బండి తీస్తుంది.

ఆ బండికి నాలుగు చక్రాలున్నా కారు కాదు, హ్యాండిలున్నా మోటారు సైకిలు కాదు. గుట్టలూ బురదా లెక్కచెయ్యకుండా పోయే రకం. బస్సు నడిపి రిటైరైన తండ్రి దానికి ఆంబోతు అని పేరు పెట్టాడు. దాని ముందు బ్లేడు తగిలిస్తే మట్టిని పక్కకి తోస్తుంది. పిన్నులు లాగి, బ్లేడు తీసి ఇనప బకెట్టు తగిలిస్తే, తోసిన మట్టిని ఎత్తి అవతల పోస్తుంది. ఏటవాలుగా ఉన్న ఆ వీధికి వానాకాలంలో దారి తెరిచేది ఆ పిల్లే.

"టీ తాగి వెళ్ళవే."

"తాగుతున్నా కదమ్మా."

"హెల్మెట్టేదీ?"

"నెత్తిన పెట్టుకుని టీ తాగమంటావా?"

"వెటకారం ఒకటి తక్కువైంది! రాత్రి నాకు కునుకు లేదు తెలుసా?"

"నీకెప్పుడు కునుకుంది గనక? స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగితే చాలు, పడిపోయానేమోనని తలుపులు బాదుతావు."

తండ్రి విసుక్కున్నాడు. "పొద్దున్నే మొదలెట్టారూ! ఏమే పిల్లా, మనమనుకున్న మాట గుర్తుందా? బండి ఒక్కసారి బోల్తా కొట్టిందో, ఆ రోజే అమ్మి పారేస్తా."

"కొట్టదు నాన్నా. నీ బస్సు కంటే జాగ్రత్తగానే నడుపుతున్నా."

వాళ్ళిద్దరూ బస్సు గొప్పా బండి గొప్పా అని వాదులాడుకుంటుంటే తల్లి పెరట్లోకి నడిచింది. షెడ్డులో ఆంబోతు నిలబడి ఉంది. వెనక క్యారియర్ మీద రెండు ఇసక బస్తాలు, వాటి మీద కట్టిన టార్పాలిన్. కూతురు బకెట్టు పని ఉన్న రోజు ఆ బస్తాలు తప్పకుండా వేసుకుంటుంది. వాటిని చూసినప్పుడల్లా తల్లికి ఒళ్ళు మండుతుంది. ముందు ఇనుము, వెనక ఇసక, మధ్యలో నా పిల్ల. ఇంత బరువు ఆ దిగుడులో పట్టు తప్పితే పిల్లని చీమని నలిపినట్టు నలిపెయ్యదూ? అడిగితే అరుస్తుంది. అడక్కపోతేనే నయం.

తాడు విప్పింది. ఒక్కో బస్తానీ ఈడ్చి నీళ్ళ డ్రమ్ము వెనక్కి చేర్చింది. ఖాళీ అయిన చోట రెండు పాత దిండ్లు పెట్టింది. ఖర్మ కాలి వెనక్కి పడినా మెత్తగా తగులుతుంది కదా! మీద టార్పాలిన్ ఎప్పట్లాగే కట్టేసి, చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చింది. చాన్నాళ్ళ తర్వాత ఆమె మనసు కాస్త తేలికపడింది.

కూతురు వెళ్ళాక గేటు పట్టుకుని నిలబడింది. బ్లేడు నేలని గీరుకుంటూ పోతున్న చప్పుడు వీధి పైనుంచి వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ పిల్ల ఉన్నట్టే. కాసేపటికి ఆగింది. బ్లేడు తీసి బకెట్టు తగిలిస్తోంది కాబోలు. మళ్ళీ ఇంజను మొదలైంది, గొంతు పెంచింది. అంతలో ఇనుముకి ఇనుము తగిలిన మోత, వెంటనే ఎవరిదో కేక.

చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. దారిలోనే ఆమె మనసు అంబులెన్సునీ, ఆపరేషన్ గదినీ, తెల్ల దుప్పటినీ చూసేసింది.

వీధి ఎగువన ఉండే టైలరమ్మ ఇంటి ముందు ఆంబోతు మూతి కాలవలో పెట్టి, వెనక చక్రాలు గాల్లోకి లేపి ఉంది. కూతురు గట్టు మీద కూర్చుని మోచెయ్యి తుడుచుకుంటోంది. టైలరమ్మ ఎదురొచ్చి భుజం పట్టుకుంది. "కంగారు పడకు వదినా, పిల్ల రాయిలా ఉంది. నా గేటే మంచాన పడింది."

నలుగురూ తాళ్ళేసి బండిని లాగారు. తండ్రి నోరు విప్పకుండా దాన్ని ఇంటికి తెచ్చాడు. పెరట్లో ఆపాక విప్పాడు.

"బకెట్టు ఎంతెత్తు లేపావు?"

"మోకాలెత్తు కూడా లేపలేదు."

"అబద్ధాలాడకు!"

"నిజం నాన్నా! మట్టి ఎత్తి రెండు బారలు కూడా పోలేదు. వెనక చక్రాలు లేచిపోయాయి."

"ఎందుకు లేస్తాయే? వెనక బస్తాలు పెట్టేదే అందుకు కదా! వెనక బరువుంటేనే ముందు బరువు అదుపులో ఉంటుంది. అవి ఉండగా కూడా లేపావంటే అది బండి తప్పు కాదు, నీ చేతకానితనం. తాళం ఇటివ్వు."

తల్లి చూపు నీళ్ళ డ్రమ్ము వైపు పోయింది.

"ఇవ్వను!" కూతురు బకెట్టుని కాలితో తన్నింది. "ఒక్కసారికే చేతకానిదాన్ని అయిపోయానా? నువ్వు బస్సుతో ఎన్ని అద్దాలు పగలగొట్టలేదూ?"

"అప్పుడు పోయినవి అద్దాలే! ఇవాళ నిన్నే పోగొట్టుకునేవాణ్ణి! ఇవ్వు!"

ఆ కేకకి కూతురు ఆగిపోయింది. బండి చుట్టూ ఒకసారి చూసింది. ఎక్కడ తప్పు జరిగిందో ఎంత వెతికినా దొరకనట్టుంది ఆ మొహం. మెల్లగా జేబులోంచి తాళం తీసి తండ్రి చేతిలో పెట్టింది.

"నాకు రాదేమో నాన్నా. వచ్చనుకున్నా."

తల్లి ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. నోరు మూసుకుంటే చాలు. రేపట్నుంచి ఆంబోతు ఉండదు, వాన ఆగితే దడ ఉండదు. కానీ అరిచే కూతుర్ని ఆమె రోజూ చూస్తుంది. తల దించుకున్న కూతుర్ని చూడ్డం ఇదే మొదలు. ఆ తల చూస్తుంటే కాలవలో బండిని చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

ఆమె బండి దగ్గరికెళ్ళి ముడి విప్పింది. టార్పాలిన్ లాగింది. ఒక దిండు జారి బురదలో పడింది.

కూతురి గొంతు పెరడంతా దద్దరిల్లేలా లేచింది.

"దిండ్లా! దిండ్లు పెట్టావా అమ్మా!"

"బరువెక్కువైతే నీ మీద పడుతుందని..."

"ఆ బరువు లేకే పడ్డా! నన్ను కాపాడతానని నన్నే కాలవలోకి తోశావు కదే! ఇప్పుడే నాకేమీ రాదని ఒప్పుకున్నా, విన్నావా?"

"నీకసలు మతుందా?" తండ్రి మీదకొచ్చాడు.

"లేదు! మతి లేదు నాకు!" తల్లి కూడా తిరగబడింది. "ఆ బస్తాలెందుకో ఇద్దర్లో ఒక్కరైనా చెప్పారా? ఏదడిగినా నీకు తెలీదులే, నీకు తెలీదులే! తెలీనిదానికి భయం కాక ఇంకేం మిగుల్తుంది?"

"నువ్వెప్పుడడిగావమ్మా? అడగడం వేరు, ఏడవడం వేరు. నువ్వు ఏడుస్తావు. అంతే!"

ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. తల్లి భర్త వైపు తిరిగి చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి."

"ఏం చేస్తావు?"

"దాని వస్తువు దానికివ్వండి. తప్పు నాది. కావాలంటే నన్ను అమ్మెయ్యండి."

"నిన్నెవడు కొంటాడు!" అన్నాడు గానీ ఆయన గొంతు అప్పటికే దిగింది. తాళం ఇచ్చాడు.

తల్లి దాన్ని కూతురి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "నీకు వచ్చు. నాకే రాదు," అంది. అంతసేపూ పట్టుకున్న ఏడుపు అప్పుడు పొంగింది.

కూతురు వెంటనే కరిగిపోలేదు. చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఎక్కడ దాచావో ఆ బస్తాలు తీసుకురా. నేను రాను సాయానికి."

తల్లి డ్రమ్ము వెనక నుంచి మొదటి బస్తాని ఈడ్చింది. పొద్దున అదే బస్తా ఎంత తేలిగ్గా వచ్చిందో! ఇప్పుడు కదలడం లేదు. సగం దారిలో నిలబడి ఆయాసపడుతుంటే, రెండో కొస ఎవరో ఎత్తారు. కూతురే. ఇంకా కోపంగానే ఉంది, మొహం పక్కకి తిప్పుకునే ఉంది.

"నువ్వు అరవడం ఎలాగూ మానవు," అంది బస్తా క్యారియర్ మీద పడేస్తూ. "అదేదో పనికొచ్చేలా అరువు. నాకు దూరంగా, గట్టు మీద నిలబడు. బకెట్టు మోకాలెత్తు దాటి లేచిందంటే చాలు, అరువు."

"మోకాలు దాటితే ప్రమాదమా?"

"ఇదిగో, దీన్నంటారు అడగడమని. నిండు బకెట్టు ఎంత కిందుంటే అంత మంచిది."

టైలరమ్మ ఇంటి ముందు సగం మట్టి అలాగే ఉంది. తల్లి గట్టు మీద నిలబడి కొంగు బిగించింది. మోచేతికి కట్టు కట్టుకున్న కూతురు, తలకి హెల్మెట్టు, వెనక రెండు బస్తాలు. ఆంబోతు గుర్రుమంటూ మట్టి గుట్టలోకి దూరింది. బకెట్టు నిండింది. లేచింది. ఇంకాస్త లేచింది.

"దించవే!"

పుట్టిన దగ్గర్నుంచీ ఆ గొంతు ఆ పిల్లకి అడ్డంపడుతూనే ఉంది. చెట్టెక్కొద్దు, పరిగెత్తొద్దు, ఒంటరిగా పోవొద్దు. పిల్ల ఏ ఒక్కటీ విన్నది లేదు. ఇవాళ ఆ గొంతు వినబడగానే బకెట్టు కిందకి దిగింది.

తల్లి కళ్ళు తుడుచుకుంది, ఒక కన్ను బకెట్టు మీంచి తియ్యకుండానే.

"వదినా, గొంతు పోతుందే!" టైలరమ్మ వంగిన గేటు మీంచి అరిచింది.

"పోతే పోనీ!" అని, వెంటనే అటు తిరిగింది. "దించూ!"